రెండు తలుపులు, రెండు బందులు

పొద్దున్నే పెరట్లోని మరుగుదొడ్డి నుంచి వచ్చి, రాగి చెంబుతో చేతుల మీద నీళ్ళు పోసుకుని, పలోంబ దేవుడికి దండం పెట్టుకునేది. ఒంట్లో ఇన్ని రంధ్రాలు పెట్టావు, ఇన్ని బోలు సంచులు పెట్టావు, వాటిలో మూసుకోవలసింది తెరుచుకున్నా, తెరుచుకోవలసింది మూసుకున్నా గంటసేపు బతకలేం, ఎంత తెలివిగా చేశావయ్యా అని ఆ ప్రార్థన సారం. సలోనికా రేవు పట్నంలో యూదులందరూ చెప్పేదే. కాకపోతే చాలామంది తువ్వాలు వెతుక్కుంటూ గొణిగేస్తారు. పలోంబ అలా కాదు. ఒక్కో మాట దగ్గరా ఆగి, ఆ భాగం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకుని, తృప్తి పడ్డాకే ముందుకి పోయేది. అందుకే ఆమె కాఫీ ఎప్పుడూ చల్లారిపోయేది.

ఆ చల్లటి కాఫీ తాగుతూ గడప మీద కూర్చుని, వేళ్ళతో ఒళ్ళంతా తడుముకుని వినేది. పెద్దల లెక్క ప్రకారం మనిషికి రెండువందల నలభై ఎనిమిది అవయవాలు. 'ఇశ్రాయేలూ, విను' అని మొదలయ్యే ప్రార్థనలో మాటలూ అన్నే. ప్రార్థన చదివాక ఒక్కో మాటా వెళ్ళి ఒక్కో అవయవంలో కూర్చుంటుంది, వేలు ఆనిస్తే పలుకుతుంది. అది పలోంబ వేళ్ళకి వినబడేది. పక్కింటి రొట్టెలవాడు నువ్వులు తక్కువ చల్లుతాడని ఎలా తెలుసో, పలోంబకి ఎముకల మాటలు వినబడతాయని కూడా వీధిలో అందరికీ అలాగే తెలుసు. బెణికినా, విరిగినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు.

పారిస్‌లో చదివొచ్చిన డాక్టర్ సైయాస్ కూడా జబ్బేమిటో తేలనివాళ్ళని ఆమె దగ్గరికే పంపేవాడు. ఒక్క లెక్క దగ్గరే ఇద్దరికీ పడేది కాదు.

"ఎముకలు రెండువందల ఆరే, పలోంబమ్మా," అనేవాడాయన.

"మిగతావి పారిస్‌లో మర్చిపోయి వచ్చావా నాయనా?" అనేది పలోంబ.

అసలు ఆమెకి పెద్దల లెక్కతోనూ ఒక పేచీ ఉంది. పూర్వం పండితుడొకాయన శిష్యులు ఒక ఆడమనిషి దేహాన్ని పరీక్షిస్తే రెండువందల యాభై రెండు తేలాయట. వాళ్ళు కంగారుపడి గురువుని అడిగితే, ఆడదానికి రెండు తలుపులు, రెండు బందులు ఎక్కువుంటాయి, బిడ్డ రావాలి కదా అన్నాడట. బాగానే ఉంది. మరి ఆ నాలుగింటికి మాటలేవి? తన ఒంట్లో అవి ఏం పలుకుతాయో వినాలని పలోంబకి చిన్నప్పటినుంచీ ఒకటే కుతూహలం. డెబ్బై ఏళ్ళు వచ్చాయి, మొగుడు పోయాడు, పిల్లలు పుట్టలేదు. రోజూ పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి అడిగేది. నాలుగూ నోరు విప్పేవి కావు.

ఆ ఏడు వసంతం చివర్లో ఒక మంగళవారం, హమాలీ యోంతోవ్ ఆమె గడప ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, పొగాకు బేళ్ళు రెండేసి వీపు మీద మోసేవాడు. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి తగిలించినట్టు వేలాడుతోంది.

"విరిగిందేమో చూడత్తా. రెండు వారాలైంది. ముందు మణికట్టు పోయింది, తరవాత మోచెయ్యి, ఇప్పుడు భుజం. డాక్టరు నరం అంటాడు, సూది గుచ్చాడు, నాకు తెలియనే లేదు. వచ్చే ఆదివారం దాకా చూస్తానన్నాడు మేస్త్రి. ఆ తరవాత జట్టులో నా చోటు ఇంకొకడికి ఇచ్చేస్తాడు."

ఆ చోటు యోంతోవ్‌కి తండ్రి నుంచి వచ్చింది, తండ్రికి తాత నుంచి వచ్చింది. ఒకసారి పోతే మళ్ళీ రాదు. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. భార్య రీకా నాలుగోసారి నెల తప్పింది.

పలోంబ అతన్ని కూర్చోబెట్టి కాలి బొటనవేలి నుంచి మొదలుపెట్టింది. మడమ పలికింది, మోకాలు పలికింది, పక్కటెముకలు వరసగా బడిపిల్లల్లా పలికాయి. ఎడమచెయ్యి గట్టిగా పలికింది. కుడిభుజం దగ్గర వేలు ఆనించి చాలాసేపు తల వంచి విన్నది.

"విరగలేదురా. విరిగితే ఏడుస్తుంది. ఇది ఏడవడంలేదు, అసలు మాట్లాడడమే లేదు. భుజం, మోచెయ్యి, మణికట్టు. సరిగ్గా మూడు." ఆమె మొహంలోకి వెలుగొచ్చింది. ఇలాంటి చిక్కుముడి దొరికి చాలా ఏళ్ళైంది. "ఎక్కడ ప్రార్థన చేస్తున్నావు నువ్వు?"

"ఇంట్లోనే."

"ఎన్నాళ్ళుగా?"

"నెల. నాన్న పోయాక కొడుకు పదిమందిలో కద్దీష్ ప్రార్థన చెప్పాలి కదా, పదకొండు నెలలూ రేవులో మా హమాలీల ప్రార్థన గదికి వెళ్ళేవాణ్ణి. అది అయిపోయింది. ఇక ఇంట్లోనే కానిచ్చేస్తున్నా."

పలోంబ తొడ మీద చరుచుకుంది. పుస్తకంలో ఆ ప్రార్థనకి ఉన్న మాటలు రెండువందల నలభై అయిదే. అందరూ చదవడం అయ్యాక, ప్రార్థన నడిపించేవాడు చివరి మూడు మాటలూ గట్టిగా మళ్ళీ చెబుతాడు. అప్పటికి లెక్క నిండుతుంది. ఎవడి ఒళ్ళు వాడి నోటితోనే నిండకుండా మూడు మాటలు పక్కవాడి నోట్లో పెట్టాడు దేవుడు. ఆ ఏర్పాటు తలుచుకున్నప్పుడల్లా పలోంబకి ముచ్చటేసేది.

"ఆ మూడూ నేనే ఇంకోసారి చెప్పుకుంటున్నాగా," అన్నాడు యోంతోవ్.

"నీ వీపు నువ్వే రుద్దుకున్నట్టుంది. వెళ్ళు, పదిమందిలో నిలబడి విను. రేపటికల్లా చెయ్యి లేస్తుంది."

లేవలేదు. యోంతోవ్ ఆ సాయంత్రమూ, మర్నాడు పొద్దున్నా హమాలీల గదికి వెళ్ళి, మూడు మాటలూ శ్రద్ధగా విని, మధ్యాహ్నానికి మళ్ళీ ఆమె గడప ముందు కూలబడ్డాడు. పలోంబ వేళ్ళు ఆనించింది. భుజం దగ్గర ఏదో వచ్చి, తలుపు తట్టి, లోపల ఎవరూ పలక్కపోతే తిరిగి వెళ్ళిపోయిన జాడ ఉంది.

ఆమె కాఫీ పక్కన పెట్టేసింది. "ఒరేయ్, ఈ చెయ్యి ఏం చేసింది?"

"ఏం చేస్తుంది? బరువులు మోసింది."

"మోసినందుకు ఏ చెయ్యీ మూగపోదు. ఏం చేసిందో చెప్పు."

యోంతోవ్ నేల చూపులు చూశాడు. ఆరడుగుల మనిషి చెమటలు కక్కాడు. చివరికి చెప్పాడు. చెబుతున్నంతసేపూ పలోంబ వైపు చూడలేదు.

అతనికి ఒక తమ్ముడున్నాడు, మెర్కాడో. పక్క వీధి మందిరంలో ప్రార్థన నడిపించేది అతనే. పుట్టిన ఎనిమిదో నెలలో జబ్బు చేసి ఇవాళో రేపో అన్నట్టుంటే, తల్లి అందరూ చేసే పనే చేసింది. మృత్యుదూత గుర్తుపట్టకుండా బిడ్డని అమ్మేసి పేరు మార్చింది. కొన్నది పలోంబ. కిటికీలోంచి బిడ్డని అందుకుని, ఉల్లిపొట్టుతో ఉడకబెట్టిన ఆరు కోడిగుడ్లు కిటికీలోంచే ఇచ్చింది. కొనబడ్డవాడని మెర్కాడో అని పేరు పెట్టింది. బిడ్డ బతికాడు, కన్నతల్లి దగ్గరే పెరిగాడు. కానీ పలోంబని కూడా అమ్మా అనే పిలిచేవాడు. రోజూ సాయంత్రం ఆమె గడప మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. తండ్రి పోయినప్పటినుంచీ, అంటే దాదాపు ఏడాదిగా, రావడం మానేశాడు. పలోంబ రోజూ మందిరంలో ఆడవాళ్ళ కోసం పైన కట్టిన చెక్క జాలీ వెనక కూర్చుని అతని గొంతు వింటోంది. ఎందుకు రావడంలేదని అడిగితే పని ఎక్కువగా ఉందనేవాడు.

"సమాధి దగ్గర," అన్నాడు యోంతోవ్. "కద్దీష్ చెప్పడానికి వాడు ముందుకొచ్చాడు. నేను ఈ చెయ్యి అడ్డం పెట్టాను. ఆరు గుడ్లకి అమ్ముడుపోయినవాడివి, నువ్వు మా నాన్న కొడుకువేంట్రా, వెళ్ళి ఆ పలోంబ పోయినప్పుడు చెప్పుకో అన్నాను. మెల్లిగానే అన్నాను. ఎవరికీ వినబళ్ళేదు."

అక్కడి యూదుల్లో ఆడవాళ్ళు సమాధి దాకా వెళ్ళరు కనక పలోంబకి ఆ సంగతి తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. చెంబెడు నీళ్ళు యోంతోవ్ నెత్తిన కుమ్మరించాలనిపించింది. కానీ ఆ మూగ చెయ్యి కళ్ళముందే వేలాడుతోంది, దాని వెనక ముగ్గురు ఆడపిల్లలున్నారు.

"వాడు చెప్పాడా మరి, కద్దీష్?"

"లేదు. వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఎక్కడా చెప్పలేదట."

"ఏడాదిపాటు తండ్రి కోసం వాణ్ణి నోరెత్తనివ్వలేదన్నమాట నువ్వు," అంది పలోంబ. "నీ కద్దీష్ ఉన్నన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చింది. ఇంక ఈ చేతికి మాటెక్కడిది? రేపు మీ నాన్న సంవత్సరీకం కదూ? మీ తమ్ముడి మందిరానికి రా."

"వాడు నా మొహం చూడడు."

"చూడకపోతే చూడడు. వినడానికి రా."

గురువారం పొద్దున పలోంబ ఉల్లిపొట్టుతో ఉడకబెట్టిన గుడ్ల బుట్టతో మందిరానికి వెళ్ళింది. సంవత్సరీకానికి వచ్చినవాళ్ళకి పెట్టడానికి గుడ్లు, ఆలివ్‌లు, ఓ గుక్కెడు రాకీ సారా ఉండాలి. జాలీకి మొహం ఆనించి కూర్చుంది. యోంతోవ్ వచ్చాడు. చివరి బల్ల మీద కూర్చుని, సంచిలోంచి లేఖనాలున్న చిన్న నల్లటి పెట్టె, దాని తోలుపట్టీ తీశాడు. ప్రార్థనకి ముందు ఆ పట్టీని కుడిచేత్తో ఎడమచేతికి చుట్టుకోవాలి. అతనికి కుడిచెయ్యి ఆడదు. ఇంట్లో ఇన్నాళ్ళూ రీకా చుట్టేది. ఇక్కడ పట్టీ చివరని పళ్ళతో పట్టుకుని గుంజుతున్నాడు, అది జారిపోతోంది. పక్కనున్న ముసలాయన చెయ్యి చాపితే వద్దని తల ఊపాడు.

వేదిక మీద మెర్కాడో పుస్తకం తెరిచి, చదవబోయి, ఆగాడు. మందిరమంతా ఆగింది. ఎవరో దగ్గారు.

మెర్కాడో మెట్లు దిగాడు. సన్నటి మనిషి, ఏడాదిలో ఇంకా సన్నబడ్డాడు. బల్లల మధ్య నుంచి నడిచి వచ్చి, అన్న నోట్లోంచి పట్టీ తీసుకుని, తడిని తన కోటుకి తుడిచాడు. పెట్టె సరిచేసి ఒక చుట్టు చుట్టాడు. రెండో చుట్టు చుట్టాడు.

"ఇవాళ నాన్నది," అన్నాడు యోంతోవ్.

"తెలుసు."

"కద్దీష్ నువ్వు మొదలుపెట్టు."

మూడో చుట్టు, నాలుగో చుట్టు. "అమ్ముడుపోయినవాడు చెప్పొచ్చా?"

యోంతోవ్ తమ్ముడి చేతులకేసి చూస్తూ అన్నాడు. "నిన్ను అమ్మినరోజు నేను కిటికీ కింద నిలబడున్నానురా. ఆరేళ్ళవాణ్ణి. పలోంబత్త నిన్ను ఎత్తుకుని ముద్దులాడుతోంది. నన్నూ కొనుక్కుంటుందేమోనని చూశాను. నాకు జబ్బు లేదు కదా, నన్నెవరు కొంటారు? నీకు ఇద్దరమ్మలు. మనమ్మ పోయాక కూడా నీకొకతి మిగిలింది. ఆ కుళ్ళు నాకు. ఆ రోజు సమాధి దగ్గర అదే వాగాను. తప్పైపోయింది."

మెర్కాడో ఏడో చుట్టు కూడా చుట్టి, కొస వేళ్ళకి మెలిపెట్టి, బిగువు సరిపోయిందా అన్నట్టు ఒకసారి లాగి చూశాడు. వెనక్కి వెళ్ళి వేదిక ఎక్కాడు.

అందరూ చదివారు. చదవడం అయిపోయింది. మెర్కాడో పుస్తకం లోంచి తలెత్తి, చివరి బల్ల వైపు చూస్తూ, రోజూ కంటే కాస్త నిదానంగా మూడు మాటలూ మళ్ళీ చెప్పాడు.

"ప్రభువు. మీ దేవుడు. సత్యం."

ఆ చివరి మాటకి మగవాళ్ళంతా భుజాల మీది ప్రార్థన శాలువా కుచ్చులు పెదాలకి ఆనించుకుంటారు. యోంతోవ్ కూడా ఆనించుకున్నాడు. కుచ్చులు ఎత్తింది కుడిచెయ్యి. అతను గమనించినట్టు లేదు. పక్కనున్న ముసలాయన మోచెయ్యి తగిలిందని కాస్త జరిగి కూర్చున్నాడు, అంతే.

కద్దీష్ మెర్కాడో మొదలుపెట్టాడు. రెండో పాదం దగ్గర గొంతు పూడుకుపోతే, యోంతోవ్ అందుకుని అతని గొంతు తిరిగొచ్చేదాకా ఆపకుండా చెప్పాడు. పలోంబ జాలీ వెనక వెక్కివెక్కి ఏడ్చింది. పక్కావిడ రుమాలు ఇస్తే ఆ రుమాలు కూడా తడిపేసింది.

బయట వాకిట్లో అందరూ గుడ్లు తింటున్నారు. యోంతోవ్ ఎడమచేత్తో గుడ్డు పట్టుకుని, కుడిచేతి గోళ్ళతో పెంకు ఒలిచాడు. ఒక్క ముక్క కూడా చెదరకుండా, ఎంత శ్రద్ధగానో. ఒలిచిన గుడ్డు తమ్ముడికిచ్చాడు. పలోంబ యోంతోవ్ దగ్గరికెళ్ళి, అతని భుజం నుంచి మణికట్టు దాకా వేళ్ళతో ఒకసారి నడిచింది.

"సరిపోయింది. ఆదివారం మేస్త్రి దగ్గరికి వెళ్ళు," అంది. తరవాత ఆ చేతి మీదే గట్టిగా ఒకటిచ్చింది. "వెధవా, నువ్వూ రోజూ కాఫీకి రా. నిన్ను కొనడమెందుకు, ఊరికే వస్తావు."

యోంతోవ్ చెయ్యి రుద్దుకుంటూ నవ్వాడు.

ఖాళీ బుట్ట మెర్కాడో పట్టుకున్నాడు. దారిలో రొట్టెలవాడు పలకరించాడు, ఇద్దరూ తలూపారు. పలోంబ తలుపు తీసి లోపలికెళ్ళి వెనక్కి తిరిగింది. మెర్కాడో బుట్టతో గడప అవతలే నిలబడి ఉన్నాడు, ఏడాదిగా తొక్కని గడప కదా, కాలు ఆడటంలేదు.

"బుట్ట ఎక్కడ పెట్టనమ్మా?" అన్నాడు.

అమ్మా అన్న పిలుపుకి పలోంబ చెయ్యి దానంతటదే పొత్తికడుపు మీదికి పోయింది. లోపల ఏదో అయింది. కదలకుండా నిలబడి విన్నది. రెండువందల నలభై ఎనిమిదీ తమ తమ మాటలు ఆపేసి ఆమెతో పాటే వింటున్నట్టున్నాయి. మిగిలిన నాలుగూ మాటేమీ పలకలేదు. కిర్రుమన్నాయి. చాలా ఏళ్ళు వేసి ఉన్న తలుపు బందులు ఎలా కిర్రుమంటాయో అలా. ఇన్నాళ్ళూ తను వాటిని మాట అడుగుతూ వచ్చింది. తలుపులు ఎక్కడైనా మాట్లాడతాయా? పలోంబకి తన తెలివితక్కువకి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

"ఏమైందమ్మా?"

"ఏం లేదురా," అంది పలోంబ. "లోపలికి రా."