ముందు సీటులో అప్పలకొండమ్మ

ఆదివారం పొద్దున్న గంగ ఒడ్డున వాట్‌గంజ్‌లోని ఆ తెలుగువాళ్ళ సందులోకి వస్తే ముందుగా కనిపించేవి గోవిందరాజు కాళ్ళు. మిగతా మనిషంతా కారు కింద ఉంటాడు. బోనెట్ దగ్గర అతని కూతురు చిన్మయి, మోచేతుల దాకా నల్లటి నూనెతో. ఇంట్లో పొయ్యి దగ్గర అతని అప్ప, అంటే అక్క, అప్పలకొండమ్మ, పెనం మీద మినపరొట్టెతో. ఏ ఆదివారమైనా ఇంతే.

గోవిందరాజు ఓడల డాకులో క్రేన్లకి ఫిట్టరు. ఆరు రోజులు ఇనుముతో కుస్తీ పట్టి, ఏడో రోజు విశ్రాంతి పేరు చెప్పి మళ్ళీ ఇనుముతోనే కుస్తీ పడతాడు. పిచ్చి అంటారా? అనండి, అతనేం అనుకోడు. ఆ డీజిల్ కారుకి ఇరవై రెండేళ్ళు, చిన్మయి కంటే ఒక్క ఏడాది చిన్న. తండ్రీకూతుళ్ళు నాలుగేళ్ళుగా దాన్ని విప్పి, కడిగి, మళ్ళీ బిగించారు. గాలిని చల్లబరిచే డబ్బా సరిపోలేదని ఒక పాత లారీది తెచ్చి, కోసి, బంపరు వెనక ఇరికించారు. ఇక దాని టర్బో సంగతి చెప్పాలి.

టర్బో అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఇంజను బయటికి వదిలేసే పొగని ఊరికే పోనివ్వకుండా దానితో ఒక బుల్లి చక్రం తిప్పుతారు. ఆ చక్రం ఇంకాస్త గాలిని ఇంజను లోపలికి తోస్తుంది. బండికి ఊపొస్తుంది. ఏ టర్బో బండికైనా ఇదే లెక్క. ఈ బండికి మాత్రం పొగ ఒక్కటే చాలదు. ముందు సీటులో, డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్ళు ఒక నిట్టూర్పు విడవాలి. ఉత్తుత్తిది పనికిరాదు, కడుపులోంచి రావాలి. అప్పుడు చక్రం ఈలేసుకుంటూ లేస్తుంది. లేకపోతే ఆ కారుకన్నా రిక్షా నయం.

ఇది సందులో అందరికీ తెలిసిన సంగతే. ఒక బండి నూనె ఎక్కువ తాగుతుంది, ఇంకోటి చలికాలం మొరాయిస్తుంది, ఇది నిట్టూర్పు అడుగుతుంది. అంతే. ఆ కారులో విడిచిన నిట్టూర్పు మళ్ళీ మనిషి దగ్గరికి రాదని కూడా తెలుసు. ఎదురింటి తవిటమ్మ చెవిపోగులు లాంచీలోంచి గంగలో పడిపోయి తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళూ రోజుకి పదిసార్లు నిట్టూర్చేది. ఒకనాడు ఖిదిర్‌పూర్ బజారుకని ముందు సీటెక్కింది, దారిలో ఒకటి విడిచింది, వంకాయలు కొనుక్కుని వచ్చింది. "పోతే పోనాయి, ఇత్తడి పెట్టుకుంటే సెవులు ఊడిపోతాయేటి?" అంది. డాకులో బరువులెత్తే వించి నడిపే నరసింహం తమ్ముడితో మాట మానేసిన బాధని బాబూఘాట్ దాకా ఖర్చుపెట్టాడు. మర్నాడు తమ్ముడింటికి తనే వెళ్ళి టీ తాగొచ్చాడు.

ఇలా అందరూ ఎగబడితే ఏమవుతుంది? వంకాయలకీ బెండకాయలకీ నిట్టూర్పులు తగలేశారు. నాలుగేళ్ళు తిరిగేసరికి సందులో సరుకు అయిపోయింది. గోవిందరాజుతో సహా ఎవర్ని ఎక్కించినా హాయిగా కూర్చుంటారు. కారు మాత్రం కదలనంటుంది.

ఒక్క అప్పలకొండమ్మే ఎప్పుడూ ముందు సీటెక్కలేదు. ఎక్కడికెళ్ళినా వెనక సీటులో, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చునేది. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి, తల్లి లేని చిన్మయిని పెంచిన మనిషి. తన నిట్టూర్పు పోయినాయన కోసం దాచుకుంటోంది కాబోలని ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం గోవిందరాజు కారు కిందనుంచి పాక్కుంటూ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అప్పా, 'ఉస్స్‌స్... టప్' అంటంది," అన్నాడు బుగ్గలు పూరించి, అచ్చం ఇంజనులాగే.

అప్పలకొండమ్మ వెనక్కి తిరగనైనా తిరగలేదు. "ఉస్సు ముందా, టప్పు ముందా?"

"ఉస్సే ముందు."

"కాలు తీసేత్తే?"

"ఆగిపోతాది."

"అయితే గాలి పైపుకి క్లిప్పు ఒదులయింది. ఇంజనుకేటీ అవనేదు. బిగించి బేగొచ్చీ, రొట్టె సల్లారిపోతాది."

వెళ్ళి బిగించాడు. శబ్దం ఆగిపోయింది. అరుగు మీద నరసింహం "వాహ్ దాదా!" అన్నాడు. "మరేటనుకున్నావు, ముప్పై ఆరేళ్ళ సర్వీసు!" అని గోవిందరాజు మీసం తుడుచుకున్నాడు. చిన్మయి తండ్రిని ఓ చూపు చూసి మళ్ళీ పానా తీసుకుంది.

ఆ చూపుకి అర్థం ఉంది. గోవిందరాజు, అప్పలకొండమ్మల నాన్న కూడా డాకులో ఫిట్టరే. సాయంత్రాలు పాడైన పంపులు ఇంటికి తెచ్చేవాడు. పన్నెండేళ్ళ అప్పలకొండ స్క్రూడ్రైవరు మొన పంపు మీద ఆనించి, పిడి చెవి పక్క ఎముకకి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో చెప్పేది. ఒక్కసారీ తప్పలేదు. తన తరవాత పిల్లల్లో ఒకర్ని పనిలో పెట్టే వేళ వచ్చేసరికి భర్త పోయిన కూతురు ఇంట్లోనే ఉంది, అయినా ఆయన కొడుకుని తీసుకెళ్ళాడు. "ఆడపిల్లకి పానా ఏటి?" అన్నాడు. ఆ రోజు తమ్ముడికి ఆమే క్యారేజీ కట్టింది. ఆ సాయంత్రం నుంచే తమ్ముడు క్రేన్ల శబ్దాలన్నీ నోటితో మోసుకొచ్చి పొయ్యి దగ్గర దింపడం మొదలెట్టాడు. చెప్పేది ఆమె, బిగించేది అతను, పేరు అతనిది. పాపం చెడ్డవాడు కాడు, అలవాటు పడిపోయాడంతే.

ఇంతలో పూజలు జరిపే క్లబ్బు వాళ్ళు వచ్చిపడ్డారు. ఈ ఏడు సందులో వేసే దసరా పూజా పందిరి పెద్దదట. "కాకూ, మహాలయ అమావాస్య లోపు గాడీ తియ్యాలి," అని గోవిందరాజుకి చెప్పి పోయారు. కారు పెట్టుకోడానికి సందులో తప్ప వేరే చోటు లేదు. పాత ఇనుము కొనే మల్లేశు అప్పుడే రెండుసార్లు వచ్చి కారు చుట్టూ తిరిగి, ఎక్కణ్ణుంచి కోస్తే బాగుంటుందో చూసుకున్నాడు. చిన్మయికి అన్నం సయించలేదు.

"నాలుగేళ్ళు నాన్నా! ప్రతి నట్టూ నా చేత్తో బిగించాను. దీన్ని ముక్కలు చేస్తే నేను చూళ్ళేను," అంది.

"నానుండగా ముక్కలేటే! శ్యామసుందర్ గారికి ఫోన్ కొడతాను సూడు."

శ్యామసుందర్ కాకినాడ ఆయన, బ్యాంకు ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. గంగకి అవతల షాలిమార్ గూడ్సు యార్డు పక్కన ఒక షెడ్డు, అందులో అయిదు పాత టర్బో బండ్లు. ఆయనదీ ఇదే పిచ్చి, కాకపోతే ఇస్త్రీ చొక్కాతో. నడుం పట్టేసి ఇప్పుడు వంగలేకపోతున్నాడు. షెడ్డు చూసుకునే మనిషి కోసం వెతుకుతున్నాడు.

మహాలయకి ముందు ఆదివారం పొద్దున్నే వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, షరతు చెప్పాడు. "గంగ మీది విద్యాసాగర్ సేతు ఎక్కే చోట నాలుగో గేరు వెయ్యండి. నడి వంతెన దాకా మార్చకూడదు. నలుగురం కూర్చోవాలి. ఎక్కిందా, మీ బండికి నా షెడ్డులో చోటు. తాళంచెవి కూడా ఇచ్చేస్తాను. ఇంజను సంగతి తెలిసిన చెయ్యి ఒకటి చాలండీ నాకు."

"ఎక్కుతాది సార్! ఎక్కక ఏటి సేత్తాది!" అన్నాడు గోవిందరాజు. అనేసి పక్కకెళ్ళి తవిటమ్మని, నరసింహాన్ని ఒక్క నిట్టూర్పు కోసం బతిమాలాడు. ఇద్దరూ గట్టిగా ప్రయత్నించారు. తవిటమ్మకి నవ్వొచ్చింది, నరసింహానికి ఆవులింతొచ్చింది.

చివరికి మర్యాద కోసం శ్యామసుందర్‌కే ముందు తలుపు తీశాడు. ఇంతలో అప్పలకొండమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"నువ్వు ఎనక్కి కూకో బాబూ. ముందు నాను కూకుంటాను," అంది.

సందంతా కారు చుట్టూ చేరింది. చిన్మయి గబగబా ముందు సీటు మీది గుడ్డపేలికలు తీసేసింది. "ఎక్కు అత్తా," అంది.

హేస్టింగ్స్ దాటి వంతెన ఎత్తు మొదలవగానే చిన్మయి నాలుగో గేరు వేసింది. బండి కాసేపు బాగానే పోయింది. తరవాత మూలగడం మొదలెట్టింది. వెనక లారీ హారను కొట్టింది. వేగం చూపే ముల్లు దిగుతోంది. వెనక సీటులో గోవిందరాజు చిన్ననాటి కష్టాలన్నీ తలుచుకుని హుస్సు హుస్సుమన్నాడు. వెనక సీటు నిట్టూర్పు చెల్లదని అతనికీ తెలుసు, అయినా మనసూరుకోదు కదా. శ్యామసుందర్ గడియారం చూసుకున్నాడు. చిన్మయి చెయ్యి గేరు వైపు వెళ్ళింది.

"ముట్టుకోకు," అంది అప్పలకొండమ్మ.

ఆమె ఒళ్ళో ఈసారి సంచి లేదు. రెండు చేతులూ ఖాళీ. పక్క అద్దంలోంచి గంగనీ, వదిలొచ్చిన ఒడ్డున డాకు క్రేన్లనీ చూసింది.

"ఆ పానా నాకిచ్చుంటే నీ సొమ్మేటి పోయేది నాన్నా!" అంది.

అని నిట్టూర్చింది. ముప్పై ఆరేళ్ళది. అది వస్తూ ఉంటే వస్తూనే ఉంది. భర్త కోసం దాచుకుందని అందరూ అనుకున్నది ఇదన్నమాట. బోనెట్ కింద చక్రం ఈలేసింది, ఈల పెరిగింది, నలుగురి వీపులూ సీట్లకి అతుక్కున్నాయి. హారను కొట్టిన లారీ వెనకెక్కడో ఉండిపోయింది. నాలుగో గేరులోనే నడి వంతెన వచ్చింది, వెళ్ళిపోయింది. చిన్మయి కాలు ఎత్తి బండిని నెమ్మదిగా దించింది. గోవిందరాజు కళ్ళు తుడుచుకున్నాడు. కిటికీ గాలికన్నాడు. కిటికీ మూసే ఉంది.

షాలిమార్‌లో షెడ్డు ముందు బండి ఆగింది. ఎవరూ దిగలేదు. పాత టర్బో బండి పరుగు తీశాక ఇంజను వెంటనే కట్టెయ్యకూడదు. రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి చక్రాన్ని చల్లారనివ్వాలి, లేకపోతే నూనె మాడి షాఫ్టు చెడుతుంది. ఆ రెండు నిమిషాలూ లోపలే కూర్చోవడం ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరి నేమం.

"అద్భుతం," అన్నాడు శ్యామసుందర్. "ఈ ఇంజను ఇలా సెట్ చేసిందెవరండీ? మీరేనా గోవిందరాజుగారూ?"

గోవిందరాజు అలవాటు కొద్దీ మీసం మీదికి చెయ్యి పోనిచ్చాడు. ఈలోగా ముందు సీటులోంచి జవాబొచ్చింది.

"నాను," అంది అప్పలకొండమ్మ.

కోపం లేదు, ఏడుపు లేదు. బజారులో పేరడిగితే చెప్పినట్టు చెప్పింది. మింగి ఊరుకోవడానికి ఇక లోపల ఏమీ మిగల్లేదు. "బిగించింది ఈలిద్దరూ. సెప్పింది నాను. అదుగో, ఈల ఎనక ఇంకో సన్న ఈల ఉంది, ఇన్నారా? టర్బో షాఫ్టు ఆడతంది. పూజలెల్లాక ఇప్పాలి."

శ్యామసుందర్ చెవి రిక్కించాడు. "నాకేం వినపడటం లేదే!"

"నాకూ నేదు సార్," అన్నాడు గోవిందరాజు. మీసం మీది చెయ్యి దించేశాడు. "ముప్పై ఆరేళ్ళూ నాకేటీ ఇనపడనేదు. సెవులు అప్పవే. సేతులే నావి. ఇది నాను ముందే సెప్పాల్సింది."

శ్యామసుందర్ జేబులోంచి తాళంచెవి తీశాడు గానీ ఇంకా చేతిలోనే పట్టుకున్నాడు.

"లోపల ఫ్యాను కూడా లేదండీ అప్పలకొండమ్మగారూ. వేడి, మసి..."

"పొయ్యి కాడ ఉందేటి బాబూ ఫ్యాను?" అని చెయ్యి చాపింది.

తాళంచెవి ఆ చేతిలో పడింది. చిన్మయి ఆనందం పట్టలేక ఇంజను కట్టెయ్యబోయింది.

"ఆగవే, ఇంకో అర నిమిసం ఉంది," అంది అత్త.

ఇప్పుడు పాత టర్బో బండ్లవాళ్ళు ఎక్కడెక్కడినుంచో షాలిమార్ వస్తున్నారు. వచ్చినవాళ్ళు ముందు ఒక పెద్దావిడ స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని చేసే సైగ కోసం నోరు మూసుకుని నిలబడాలి. నలుపూ తెలుపూ జుట్టుకి గుడ్డ కట్టి, చీర మీద పాత ఖాకీ చొక్కా తొడుక్కుని ఉంటుంది. వాట్‌గంజ్ కారు అక్కడే ఉంది. దాని ముందు సీటుకి లోటేం లేదు, గూడ్సు యార్డు మనుషుల దగ్గర నిట్టూర్పులకి కరువా?

ఆదివారం పదకొండు గంటలకి మాత్రం ఆమె ఫోను మోగుతుంది. చిన్మయి ఫోను తీసి, అత్త చేతులకి మసి కాబట్టి చెవి దగ్గర పెడుతుంది.

"అప్పా," అంటాడు అవతల గోవిందరాజు, వాట్‌గంజ్ వంటింట్లోంచి. ఆ తరవాత బుగ్గలు పూరించి, "పప్పు 'బుడబుడ... చిట్' అంటంది. ఏటి సెయ్యాల?"

అప్పలకొండమ్మ కారు కిందనుంచే అడుగుతుంది. "బుడబుడ ముందా, చిట్ ముందా?"

"చిట్టే ముందు."

"అయితే అడుగంటింది. దించీ. దించి రెండు నిమిసాలు అలగే ఒగ్గీ."