చెరువు మోయగలిగినంత

చేపలు వెల్లకిలా తేలుతున్న చెరువులోకి ఇంకో మూడింతల విషం వదలవచ్చని కాలుష్య నియంత్రణ ఆఫీసు గోడ మీద నోటీసు అంటించి ఉంది.

సూది దాన్ని రెండుసార్లు చదివింది. వలలు బాగుచేయడం ఆమె పని. చేతిలో వల కుట్టే సూది ఒకటి, నోట్లో అంతకంటే వాడి సూది ఇంకొకటి ఉంటాయని అందరూ ఆ పేరు ఖాయం చేశారు. రంగుల ఫ్యాక్టరీ గొట్టంలోంచి చెరువులోకి ఎంత వదలవచ్చో సర్కారు పరిమితి ఖరారు చేస్తోంది. అభ్యంతరాలకు ఆ సాయంత్రం ఐదింటితో గడువు ఆఖరు. ఆ తర్వాత ఐదేళ్ళు ఎవరు మొత్తుకున్నా వినేవాడుండడు.

మధ్యాహ్నానికల్లా మూడు వందల మంది ఆఫీసు మెట్లు నింపేశారు. ముందు వరుసలో పెదనాన్న ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా జాలరుల సంఘానికి ఆయనే పెద్ద. తండ్రి పోయాక సూదిని పెంచిందీ ఆయనే. అరిచి అరిచి గొంతు బొంగురుపోయినా ఆపడం లేదు.

ఫ్యాక్టరీ కూలీలు నలుగురు వచ్చి పక్కన నిలబడ్డారు. వాళ్ళ చేతులు మోచేతుల దాకా నీలం.

"ముందే చెప్తున్నాం. ఫ్యాక్టరీ మూయమంటే మాత్రం మేం మీతో రాం. అది మూస్తే మా పొయ్యిలో పిల్లి లేవదు" అన్నాడు వాళ్ళలో పొడుగువాడు.

"మూయమని ఎవరన్నారన్నా? నీళ్ళు శుద్ధి చేసి వదలమంటున్నాం" అంది సూది.

"ఆ మిషను ఉంది. తిప్పరు. చెరువు శుభ్రంగా ఉండగా మిషనెందుకని పైనుంచి మాట."

"నీ చేతులకే వదలని రంగు చెరువులో మాయమైపోయిందా? అయితే రోజూ అందులోనే స్నానం చెయ్యి, పెళ్ళికొడుకులా తెల్లబడతావ్!"

జనం నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

సూది, పెదనాన్నలతో కలిపి ఐదుగురినే లోపలికి రానిచ్చారు. బల్ల వెనక ఇంజినీరు చెమటలు తుడుచుకుంటున్నాడు.

"నా చేతిలో ఏముందమ్మా? పద్ధతే అది. చెరువు ఎంత శుభ్రంగా ఉంటే అంత ఎక్కువ వదలనిస్తారు. ఖాళీ సంచిలో ఎక్కువ పడుతుంది కదా. మీ చెరువు సంచి దాదాపు ఖాళీ." అంటూ రిజిస్టరు తిప్పాడు. "నాలుగేళ్ళ పరీక్షలు. నెలకో సీసా. అన్నీ చెరువు నడిమధ్య నీళ్ళే."

"నడిమధ్య నీళ్ళ సంగతి నాకు చెప్పకు. అక్కడ ముంచిన వల దారం వారానికే పిండిలా రాలుతోంది. ఆ వలలు కుట్టేది నేను! ఫ్యాక్టరీ వాడి ఉప్పు తిని, మీ ఇంటి కుళాయి నీళ్ళు పట్టుకొచ్చావు."

ఇంజినీరు ముఖం కందిపోయింది.

"నేను ఒక్క సీసా కూడా నింపలేదు. పడవెక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి, గట్టు మీదే ఉండిపోతాను. సీసాలిచ్చి పంపేది మీ మనిషినే..."

మాట మధ్యలో ఆగిపోయాడు. అతని చూపు సూది భుజం మీదుగా వెనక్కి వెళ్ళింది.

సూది తిరిగి చూసింది. పెదనాన్న గోడకు చేరగిలబడి ఉన్నాడు. బయట జనం ఆయన నేర్పిన నినాదాలే ఇస్తున్నారు.

"పెదనాన్నా? ఈయన అబద్ధమాడుతున్నాడు కదూ?"

ఆయన గోడ వదిలి గుమ్మం వైపు కదిలాడు.

"ఇప్పుడు చెప్పినా లాభం లేదు" అన్నాడు ఇంజినీరు, గొంతు తగ్గించి. "మళ్ళీ పరీక్షలంటే ఏళ్ళు పడుతుంది. ఐదింటిలోగా కొత్త లెక్కలు చూపకపోతే ఈ ఆర్డరు ఆగదు. పైగా సర్కారును మోసం చేశాడని ఈయన మీదే కేసు పడుతుంది."

గుమ్మంలో ఉన్న పోలీసులిద్దరూ అప్పటికే టోపీలు సర్దుకుంటున్నారు. పెదనాన్న వాళ్ళ మధ్యలోంచి నడిచి మెట్ల మీదికి వచ్చి చెయ్యెత్తాడు. గెలిచామనుకుని జనం ఈలలు వేశారు.

"ఈలలు ఆపండర్రా. ముందు వినండి, తర్వాత రాళ్ళు వేద్దురు. ఆ సీసాలు నింపింది నేను. నడిమధ్యకి పోతున్నట్టే పోయి, జమ్ముగడ్డి చాటున ఉన్న ఊట దగ్గరికి పడవ తిప్పేవాణ్ణి. అక్కడి నీళ్ళు అద్దంలా ఉంటాయి, మీకూ తెలుసు. ఎవడూ నాకు పైసా ఇవ్వలేదు. ఇచ్చినా బాగుండేది, మీకు ఉమ్మెయ్యడానికి ఓ కారణం దొరికేది. మొదటి నెల నడిమధ్యే ముంచాను. నల్లగా వచ్చాయి. ఇది నలుగురికీ తెలిస్తే మన చేపను ఎవరు ముట్టుకుంటారని భయమేసి పారబోశాను. జబ్బుమనిషికి పౌడరు రాసి డాక్టరు ముందు కూర్చోబెట్టాను. బాగానే ఉంది, ఇంకో మూడు బస్తాలు ఎత్తమన్నాడు డాక్టరు. ఈ ఆర్డరు ఇక ఆగదట. నన్ను తీసుకుపోతారు, అడ్డం పడకండి. నన్ను బోనెక్కించాలంటే ఆ నీళ్ళు నడిమధ్యవి కావని వాళ్ళ చేత్తో వాళ్ళే రాయాలి. రాస్తే ఈ లెక్కలన్నీ చెల్లవు. అది రాసేదాకా ఈ మెట్లు దిగకండి. ఇకమీదట సీసా మీరు నింపండి. ఎంత కంపు కొడితే అంత పట్టుకురండి, సిగ్గుపడకండి. విషం పోసింది వాళ్ళు. చెరువు అరవకుండా నోరు నొక్కిపట్టింది మాత్రం నేనే."