కొసరు సంచి

నేను ఒక కొసరు సంచిని. గుంటూరులో ప్రయాణపు పెట్టెలమ్మే కొట్లో, బేరం తెగాక కొన్నవాడి చేతిలో ఊరికే పెట్టే సరుకుని. కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డముక్కలు అతికి, ఒక జిప్పు తగిలించి నన్ను కుట్టారు. ఊరికే వచ్చినదానికి మర్యాద తక్కువని కొట్టు గడప దాటకముందే తెలిసింది. అందుకే ఎవరి దగ్గరా పెద్ద లాభం ఆశించలేదు.

నన్ను మొదట తీసుకెళ్ళినవాడు ఒక మందుల కంపెనీ ప్రతినిధి. ఊరూరా తిప్పి, జిప్పు పళ్ళు సగం అరగదీసి, ఇంకో సంచి దొరకగానే చీరాలలో అక్కగారింట్లో వదిలేశాడు. ఆ అక్కగారే వాసవాంబ.

ఆమె భర్త పాండురంగయ్య లుంగీల వ్యాపారి. కింద కొట్టు, దాని వెనక గోడౌను, పైన కాపురం. ఆయనకి చెవుడు. కొట్లో ఉన్నంతసేపూ వినికిడి మిషను పెట్టుకుంటాడు. షట్టరు దించగానే తీసేస్తాడు. బేరగాడి మాట వింటే నాలుగు లుంగీలు అమ్ముడవుతాయి, ఇంట్లో మాటలకి బ్యాటరీ దండగ. ఇదీ ఆయన లెక్క. మోకాళ్ళు పట్టేస్తున్నాయనీ, మెట్లు ఎక్కలేననీ, గోడౌను ఖాళీ చేసి కింద కాపురం పెడదామనీ వాసవాంబ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. వినపడకపోయినా ఆయన "సరే సరే" అనేవాడు.

ఇంతలో వర్తక సంఘం వాళ్ళు సింగపూరు విహారయాత్ర పెట్టారు. అక్కడ కొట్టుండదు, బేరాలుండవు. వారమంతా ఆయన చెవికి మిషను పెట్టించి, కూర్చోబెట్టి తన మోకాళ్ళ సంగతి చెప్పాలని వాసవాంబ నిశ్చయించుకుంది. దానికోసం బిళ్ళ బ్యాటరీలు కొని నాలో పెట్టింది. వాటితోపాటు అక్కడి గోడలకి సరిపడే ప్లగ్గు, ఇంకో కళ్ళజోడు, పిన్నీసులు, గోళ్ళు కత్తిరించుకునేది. పెద్దపెట్టెలో ఆవకాయ, కారప్పొడి, కరెంటు కుక్కరు దర్జాగా కూర్చున్నాయి. యాత్రకి పోయేవాళ్ళు మోయలేని బరువును ఎన్నడూ మరిచిపోరు. అరచేతిలో పట్టేదాన్నే మరిచిపోతారు.

ప్రయాణం మంగళవారం పడింది. మంగళవారం ఇల్లు కదలకూడదు. అందుకని సోమవారమే మంచి ఘడియ చూసి, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్కగా, సామానులో ఒకటి పక్కింట్లో ప్రస్థానం పెట్టాలి. బయల్దేరేటప్పుడు అక్కణ్ణించి దాన్ని తీసుకుపోవాలి.

"ఆ పెద్దపెట్టె పెట్టరాదూ," అన్నాడు పాండురంగయ్య.

"మీరూరుకోండి. ఏది లేకపోతే మనకి జరగదో అదే పెట్టాలి."

అలా నేను పక్కింటి దమయంతి ఫ్రిజ్జు మీదికి చేరాను.

మంగళవారం తెల్లవారేసరికి చెన్నై విమానాశ్రయానికి కారు వచ్చింది. "దమయంతీ, కాస్త ఎదురు రావే," అని కేకేసింది వాసవాంబ. దమయంతి ఒక చేత్తో నీళ్ళ చెంబు, ఇంకో చేత్తో కుంకుమభరిణె పట్టుకుని నవ్వుతూ ఎదురెళ్ళింది. రెండు చేతులూ నిండిపోయాయి. మంచి శకునమైందన్న సంతోషంలో వాళ్ళు కారెక్కారు. ఆమె లోపలికొచ్చి చెంబు దించి నన్ను చూసింది.

"ఫోన్ కొట్టు, ఇంకా సెంటరు కూడా దాటి ఉండరు," అన్నాడు ఆమె భర్త శేషగిరి.

"బయల్దేరినవాళ్ళని వెనకనుంచి పిలుస్తారా ఎక్కడైనా?"

"మరి సంచి?"

"సంచికేం, ఇక్కడే ఉంటుంది. వాళ్ళకి దారిలో ఏమన్నా అయితే?"

ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుంది, కొట్టలేదు. వాళ్ళ క్షేమం కోరి ఆమె చేసిన పని అది. నష్టం ఎవరికని రాసుకోవాలో నాకిప్పటికీ తేలదు.

తిరిగొచ్చాక నన్ను తీసుకోవడానికి వచ్చిన వాసవాంబ కుర్చీలో కూలబడింది.

"దిగిన రోజే మిషను ఆగిపోయిందే."

"అక్కడ బ్యాటరీలు కొనకపోయారా అక్కా?"

"కొననిస్తేగా. ఇంటి దగ్గర ఉన్నవాటిని పరాయి దేశంలో మళ్ళీ కొంటామా అన్నారు. సముద్రం ఒడ్డున కూర్చోబెట్టి నా మోకాళ్ళ గోలంతా చెప్పాను. అంతా అయ్యాక, అవునవును, ఓడ చాలా పెద్దది అన్నారు."

దమయంతి తల దించుకుంది. "నేను పిలవాల్సిందక్కా."

"పోనీలే. క్షేమంగా తిరిగొచ్చాం."

ఆ రాత్రి కొట్టు కట్టేసి వచ్చి ఆయన ఆగిపోయిన మిషను తీసి బల్ల మీద పెట్టాడు. వాసవాంబ నా జిప్పు లాగి, కొత్త బిళ్ళ తీసి అందులో వేసి, తానే ఆయన చెవికి పెట్టింది.

"ఇప్పుడెందుకే, దండగ."

"కొన్నది వాడకపోతే దండగ. వినండి. నేను మెట్లు ఎక్కలేకపోతున్నాను. గోడలు పట్టుకుని ఎక్కుతున్నాను."

ఆయన ఆమె కాళ్ళ వైపు చూశాడు. "ఎప్పట్నుంచి?"

"మీరు సరే అన్నప్పట్నుంచి."

ఆయన లేచి మెట్ల దగ్గరికెళ్ళి, కిందికి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

ఆ నెలలోనే లుంగీల మూటలు పైకెక్కాయి, మనుషులు కిందికి దిగారు. ఖాళీ సంచిని కనక నన్నెవరూ తలచుకోలేదు. మూటల వెనక పడి ఉన్నాను. జిప్పు ఇక కదలదు, ఎక్కడికైనా పోవాలన్న ఓపికా లేదు. పొద్దుగూకాక కింద వాసవాంబ ఏదో చెబుతూ ఉంటుంది. వంటింటి చప్పుళ్ళ మధ్య నుంచి ఆయన గొంతు పై దాకా వస్తుంది:

"కాస్త ఇటు తిరిగి చెప్పవే."