అడుగు కడగని బూటు

నేను ఒక రబ్బరు గమ్‌బూటును. కుడికాలిది. ఎడమకాలిది కూడా నా పక్కనే ఉంది కానీ అది ఎప్పుడూ నోరు విప్పదు. మనుషుల గురించి చెప్పుకోవడానికి ఏముందని దాని అభిప్రాయం. నాకు మాత్రం చెప్పకపోతే ఊపిరాడదు.

నా పుట్టుక బోర్నియో దీవిలో. అక్కడ ఒక పెద్ద అడవిని నరికి రబ్బరు తోట వేశారు. ఆ తోటలో కారిన పాలే నేను. చెట్లు కొట్టడం, మళ్ళీ చెట్లు నాటడం, ఈ రెండూ మనుషులకు చాలా ఇష్టమైన పనులు. మొదటిదాన్ని అభివృద్ధి అంటారు, రెండోదాన్ని సేవ అంటారు. రెండింటికీ ముందు రిబ్బను కత్తిరిస్తారు.

ఫ్యాక్టరీలో నన్ను ఉడికించి, అచ్చులో నొక్కి, బయట నలుపు, లోపల పసుపు గుడ్డ, అడుగున చేపముల్లు ఆకారంలో లోతైన గాడులు పెట్టారు. ఆ గాడులను గుర్తుపెట్టుకోండి. నన్ను తొడుక్కున్నవాళ్ళు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఓడ దిగి, లారీ ఎక్కి, చివరికి భీమవరంలో ఒక కొట్లో వేలాడాను. గంగరాజు అనే ఆయన కొల్లేట్లో తవ్వించిన తన చేపల చెరువు మీద పనిచేసే మనిషి కోసం నన్ను కొన్నాడు. ఆ మనిషి కాలు నాలో దూరలేదు. పుట్టినప్పటి నుంచి చెప్పుల్లేకుండా తిరిగిన కాలు అది, వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. కాలి కొలత చూసి బూట్లు కొనాలన్న ఆలోచన గంగరాజుకు రాలేదు. నన్ను చెరువుగట్టు మీద షెడ్డులో మేత బస్తాల పైన పడేశారు. అక్కడ ఏడాది పాటు ఎలుకల సహవాసం చేశాను. మనుషులతో పోలిస్తే అవి నయం. అవి దొంగతనాన్ని దొంగతనంలాగే చేస్తాయి.

గంగరాజు మేనకోడలు నిరంజని వ్యవసాయ డిగ్రీ చదువుతోంది. మూడు నెలలు విదేశీ అడవిలో సేవ చేయడానికి కుర్రకారును పంపే సంస్థ ఒకటి వ్యాసాల పోటీ పెడితే, ఈ అమ్మాయి రాసింది, ఎంపికైంది. ఆ వ్యాసంలో రెండు పేజీలు పరాయి మొక్కలు అడవిలో చేరితే జరిగే నష్టం గురించేనట. బాగా రాసిందని అందరూ మెచ్చుకున్నారు. రాసినదాన్ని మళ్ళీ చదువుకునే అలవాటు మాత్రం మనుషులకు ఉండదు.

ప్రయాణం సంగతి చెప్పడానికి మేనమామ చెరువు దగ్గరికి వచ్చింది.

"ఏవే, అడవిని కాపాడ్డానికి అంత దూరం వెళ్ళాలా? మన కొల్లేరు నీ కళ్ళకి ఆనట్లేదా?" అన్నాడు గంగరాజు.

నిరంజని మెతక పిల్ల. నేల చూపులు చూస్తూ, "కొల్లేటి గురించి మొదలెడితే ముందు మీ చెరువే పూడ్చాలి కదా మావయ్యా" అంది.

గంగరాజు గట్టు మీద ఒకసారి దగ్గాడు. "అయితే వెళ్ళిరా తల్లీ. క్షేమంగా వెళ్ళి లాభంగా రా. ఇదిగో, ఈ బూట్లు కూడా పట్టుకెళ్ళు!"

అలా నేను చేతులు మారాను.

వెళ్ళే ముందు కాలికి అలవాటు పడాలని ఆమె నన్ను కాలేజీ శ్రమదానానికి తొడుక్కుంది. ఆ రోజు పని వయ్యారిభామను పీకడం. మీకు తెలిసే ఉంటుంది. క్యారెట్ ఆకులాంటి ఆకు, నలిగిన తెల్ల పూసల్లాంటి పూలు. తాకితే దురద, పీలిస్తే తుమ్ము, పశువులు మూతి పెట్టవు. ఒక్క మొక్క దులిపితే వేల గింజలు. ఇంత అసహ్యమైన కలుపుకు ఇంత ముద్దు పేరు పెట్టిన జాతి గురించి నేనేం చెప్పను? పిల్లలందరూ కలిసి బ్యానరు ముందున్న మొక్కలు పీకారు. బ్యానరు వెనకవి అలాగే ఉన్నాయి. ఫోటో బ్యానరు ముందే కదా.

ఆ తడి మట్టి నా గాడుల్లో నిండింది. మట్టిలో గింజలు. నిరంజని వాళ్ళమ్మ నా పైభాగాన్ని తళతళలాడేలా తుడిచి, పాత పేపర్లో చుట్టి, కారప్పొడి డబ్బాకూ తువ్వాలుకూ మధ్య పెట్టెలో సర్దింది. నన్ను తిరగేసి చూసినవాళ్ళు లేరు.

నేను పుట్టింటికి, బోర్నియోకు బయల్దేరాను. చీరా సారె లేకుండా కాదు. ఒళ్ళో గింజలు పోసుకుని వెళ్ళాను.

అడవి గేటు దగ్గర ఒక నీళ్ళ తొట్టి, పక్కన గట్టి బ్రష్షు, 'బూట్లు కడిగి లోపలికి రండి' అని బోర్డు. ఇవన్నీ పెట్టింది లూసియా. ఆ దీవి మనిషి, నర్సరీ ఆమెదే. మేం చేరిన వేళకు ఆమె మొక్కల గంపతో ఎక్కడో ఉంది. నిరంజనితో పాటు వచ్చిన సేవకులందరూ బోర్డు చదివారు, తలలూపారు, దానితో సెల్ఫీలు దిగారు. నిరంజని ఏం చేసిందో తెలుసా? నన్ను విప్పి పక్కన పెట్టి, తొట్టి నీళ్ళతో తన కాళ్ళు కడుక్కుంది. మడమలు శుభ్రంగా రుద్దుకుంది. బయటి నుంచి వస్తే కాళ్ళు కడుక్కోవాలి, ఆమె ఇంట్లో నేర్పింది అదే. చెప్పుల అడుగును చేత్తో ముట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. చివరికి నా ముక్కు మీద నాలుగు చుక్కలు చిలకరించి, తడి కాళ్ళతోనే నన్ను తొడుక్కుని లోపలికి నడిచింది.

మర్నాడు లూసియా అందరినీ ఒక ఎండ మైదానానికి తీసుకెళ్ళింది. ఎప్పుడో కాలిపోయిన చోటు అది. అక్కడ మోకాలెత్తు మొక్కలు వరసగా ఉన్నాయి. వచ్చీరాని ఇంగ్లీషులో ఆమె చెప్పింది ఇది. ఈ అడవిలోని పెద్ద చెట్లు ఏటా కాయవు. ఏళ్ళ తరబడి ఊరుకుని, ఒక్కసారిగా అన్నీ కలిసి కాస్తాయి. కిందటిసారి కాసినప్పుడు ఆమె, ఆమె తల్లి కలిసి గింజలు ఏరారు. ఈ మొక్కలు, నర్సరీలో నాటకుండా మిగిలినవి ఆ గింజలవే. తల్లి ఇప్పుడు లేదు. మళ్ళీ ఎప్పుడు కాస్తాయో చెట్లకే తెలియదు. "ఇవి పోతే నా దగ్గర వేరే లేవు" అంది.

సేవకుల కళ్ళు చెమర్చాయి. ఒకరినొకరు కౌగిలించుకున్నారు. తర్వాత భోజనంలో కూర చప్పగా ఉందని గొడవపడ్డారు.

ఆ మొక్కల మధ్యనే నిరంజని రోజూ నాతో తొక్కుకుంటూ తిరిగింది, గుంతలు తవ్వింది, నీళ్ళు పోసింది. నా గాడుల్లోని మట్టి కొంచెం కొంచెంగా రాలిపోయింది.

రెండో నెలలో తెల్ల పూలు వచ్చాయి.

మొదట చూసింది తన్మయ్. హైదరాబాద్ పిల్లాడు, సెల్ఫోను లేకుండా వాడి చేతిని నేను చూడలేదు. "అక్కా, జర ఇటు రా! ఎంత క్యూట్ ఉన్నయో చూడు. నువ్వు అగ్రికల్చర్ కదా, ఈ పువ్వు పేరేంది?"

నిరంజని వేళ్ళు నాలో ముడుచుకున్నాయి. మనుషుల మొహం అబద్ధం చెప్పగలదు కానీ కాలివేళ్ళు చెప్పలేవు.

"తెలీదు" అంది.

"తెలీదా? ఏం చదువక్కా నీది!" అని వాడు నవ్వి, నాలుగు ఫోటోలు తీసుకుని పోయాడు.

ఇక చూడండి భాగోతం. మిగతావాళ్ళు టీ తాగే వేళకు ఆమె ఒంటరిగా మైదానానికి వచ్చేది. ఆ మొక్కల దగ్గర గొంతుక్కూర్చుని, అటూ ఇటూ చూసి, పీకి సంచిలో దాచేది. పట్టపగలు తన ఊరి మొక్కను తనే దొంగిలించడం! చేతులు దద్దుర్లెక్కాయి. 'అడవి కోసం గాయపడిన చేతులు' అని తన్మయ్ ఫోటో పెట్టాడు, చప్పట్లు కొట్టారు. ఆమె కాదనలేదు. పీకినవి పది అయితే మొలిచేవి ఇరవై. నలుగురికి చెబితే ఒక్క పూటలో తేలే పని. కానీ చెబితే పరువు పోతుంది. ఈ పరువు అనే వస్తువును ఏ ఫ్యాక్టరీలో చేస్తారో గానీ, నాకంటే గట్టి రబ్బరుతో చేసి ఉండాలి.

ఆఖరి రోజు సాయంత్రం వీడ్కోలు విందుకు ముందు లూసియా నిరంజనిని నర్సరీకి పిలిచింది. చేతిలో ఒక నల్ల సంచి, అందులో ఏపుగా పెరిగి విరగబూసిన వయ్యారిభామ.

"నువ్వు రోజూ దీని పక్కన కూర్చోవడం చూశాను" అంది లూసియా సంబరంగా. "నీకు ఇష్టమని పెంచాను. ఇంకా ఉన్నాయి చూడు, కొత్తగా వచ్చేవాళ్ళకు ఇద్దామని."

ఆమె తల్లి ఏరిన గింజల మొక్కల పక్కనే, అదే నీడలో, అదే నీళ్ళతో, ఒక వరుస వయ్యారిభామలు.

నిరంజని నోట ముందు వచ్చిన మాట "థాంక్యూ." అనుకున్నాను, ఇంతేనని. మనుషుల గురించి నా అంచనా ఎప్పుడూ తప్పలేదు. ఆమె నాలుగడుగులు నడిచింది కూడా. తర్వాత ఆగింది. నాలోని కాలు చెమటతో తడిసింది. వెనక్కి తిరిగి, నేల మీద చతికిలబడి, నన్ను విప్పి తిరగేసి పట్టుకుంది.

"ఇది పువ్వు కాదు. మా ఊరి కలుపు. మీ మొక్కల్ని బతకనివ్వదు. దీంతో వచ్చింది, నా బూటుతో."

లూసియా వంగి నా అడుగు వంక చూసింది. గాడుల చివర ఇంకా కొంచెం ఎండిన మట్టి ఉంది. భీమవరం మట్టి.

"గేటు దగ్గర కడగలేదా?"

"కాళ్ళు కడుక్కున్నాను."

లూసియాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "నీకు ముందే తెలుసు" అంది.

లూసియా తిట్టలేదు. బ్రష్షు తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది. పక్కన పాటలు, చప్పట్లు వినిపిస్తుంటే నిరంజని నా అడుగును గోళ్ళతో గీకి, బ్రష్షుతో రుద్ది, మళ్ళీ గీకింది. నర్సరీలోని తెల్లపూల సంచులన్నీ ఇద్దరూ కలిసి రేకు డబ్బాలో వేసి కాల్చారు.

సంగతి విన్న శిబిరం మేనేజరు హెండ్రిక్ మొహం మాత్రం చూడాల్సిందే. "ఇది బయటికి పొక్కితే వచ్చే బ్యాచ్ రాదు. మన మధ్యే ఉంచుకుందాం" అని ఆమె భుజం తట్టి సర్టిఫికెట్టు చేతిలో పెట్టాడు. అందులో 'అడవికి చేసిన విశేష సేవకు' అని రాసి ఉంది. నిరంజని తీసుకుంది. తీసుకుని, మర్నాడు పోతూ పోతూ, ఎక్కిన బస్సులోంచి మళ్ళీ దిగి, అప్పుడే గేటు దాటుతున్న కొత్త బ్యాచ్ ముందు నిలబడి, తన కథ మొత్తం చెప్పింది. తన్మయ్ మొదటిసారి ఫోను జేబులో పెట్టుకున్నాడు. హెండ్రిక్ ఆకాశం వైపు చూశాడు.

నన్ను లూసియా అడిగి ఉంచుకుంది. తొట్టి పైన మేకుకు వేలాడదీసింది, అడుగు బయటికి కనపడేలా. ఎడమది కూడా ఉంది, ఎప్పటిలాగే మౌనంగా.

వాన పడ్డ ప్రతిసారీ నిరంజని నుంచి ఫోను వస్తుంది. "మొలిచిందా?" అని అడుగుతుంది. లూసియా దద్దుర్ల చేతిని లంగాకు రుద్దుకుంటూ, "మొలిచింది, పీకాను" అంటుంది. ఇన్నేళ్ళలో "మొలవలేదు" అన్న మాట నేను వినలేదు. పెద్ద చెట్లు మళ్ళీ కాయనూ లేదు. లూసియా తల్లి మొక్కలు కొన్ని నడుమెత్తు పెరిగాయి, కొన్ని పోయాయి.

ఇవాళ ఉదయం ఇంకో బ్యాచ్ దిగింది. ఒక కుర్రాడు బోర్డు చదివాడు, తల ఊపాడు, బూట్లు విప్పి పక్కన పెట్టి, ప్యాంటు మడిచి, శ్రద్ధగా కాళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టాడు. లూసియా నన్ను మేకు మీది నుంచి తీసి, నా అడుగును వాడి ముక్కుకు జానెడు దూరంలో పెట్టి పట్టుకుంది, వాడు బ్రష్షు అందుకునేదాకా.