ముప్పై ఐదుకే పాసు

ఎనభై నాలుగులో మా అల్లుడు కృష్ణమోహన్ జార్జియాలో ఒక యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవాడు. మేము వెళ్ళేసరికి అక్కడి ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడు వరసగా తొమ్మిది ఆటలు ఓడి ఉంది. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదనుకునేరు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెడతాడు, మిగతావాళ్ళు వాడి మీద బియ్యం బస్తాల్లా పడతారు. లేచి, పంచాయతీ తీర్చేవాళ్ళలా గుమిగూడి గుసగుసలాడి, మళ్ళీ పడతారు. ఈ సంబరానికి అరవై వేల మంది పట్టే స్టేడియం. లెక్కల డిపార్ట్‌మెంట్‌లో మాత్రం వాన పడితే బోర్డు కింద బకెట్ పెట్టేవారు. ఆ బకెట్‌లో చేపపిల్లను చూశానంటే మా అమ్మాయి వసుమతి ఇప్పటికీ నమ్మదు.

ఆ జట్టు ఆశలన్నీ డ్వేన్ అనే ఒక్క ఆటగాడి మీదే. వాడికి మెడ లేదు. తలను తిన్నగా భుజాల మీద దించారు. వాడు శనివారం ఆడాలంటే మా అల్లుడి పరీక్ష పాసవ్వాలి. పాసు మార్కు అరవై. వాడికి వచ్చింది ముప్పై ఆరు. అందులో ఆరు పేరు తప్పుల్లేకుండా రాసినందుకని నా అనుమానం.

కృష్ణమోహన్‌కి అది మూడో ఏడు. ఏప్రిల్‌లో కాంట్రాక్ట్ రెన్యూ అయితేనే గ్రీన్‌కార్డ్ కాగితాలు కదులుతాయి. రెన్యూ చేయాల్సింది డీన్. ఆ డీన్‌కి కోచ్ మాట వేదం.

గురువారం సాయంత్రం ఆ కోచ్ యాపిల్ పై అనే తీపి రొట్టె పట్టుకుని ఇంటికి వచ్చాడు. అల్లుడు ఇంకా రాలేదు. ఆయన్ని కూర్చోబెట్టి, వసుమతి చేత ఇంగ్లీషులో చెప్పిస్తూ నా గొప్పలు మొదలుపెట్టాను. థర్డ్ ఫారంలో నాకు లెక్కల్లో సరిగ్గా ముప్పై ఐదు వచ్చాయనీ, మా దేశంలో అది పాసనీ, మా నాన్న ఊరంతా బెల్లం పంచి నన్ను ఏనుగు మీద ఊరేగించాడనీ చెప్పాను. ఏనుగు ఒక్కటే అబద్ధం. ఆ పెద్దమనిషికి ఏనుగు పట్టలేదు. ముప్పై ఐదేనా అని మూడుసార్లు అడిగి, జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే డీన్ ఉత్తరం వచ్చింది. అధ్యాపకుడి స్వదేశపు ఆనవాయితీని గౌరవించి, ఈ పరీక్షకు ముప్పై ఐదును పాసు మార్కుగా అంగీకరిస్తున్నారట. గౌరవమట, వినండి.

అల్లుడు ఉత్తరం చదివి బల్ల మీద పడేశాడు. వసుమతి అతన్ని పట్టుకుంది.

"ఒక్క సైన్ పెట్టేస్తే పోయేదేముందండీ? ఏప్రిల్ సంగతి ఆలోచించండి."

"యాభై వచ్చి ఫెయిలైనవాళ్ళున్నారు వసూ, నా క్లాసులో. ముప్పై ఆరుకి వీణ్ణి పాస్ చేసి వాళ్ళ మొహాలెట్లా చూడను?"

నా నోరు ఊరుకోదు కదా. "అయితే అందరికీ వడ్డించు బాబూ," అన్నాను. "బంతిలో వలపక్షం పాపం."

అతను నవ్వాడు. వెళ్ళి డీన్ ఉత్తరాన్ని క్లాసు తలుపుకి అంటించి, ఇది అందరికీ వర్తిస్తుందని కింద రాశాడు. మధ్యాహ్నానికల్లా పందొమ్మిది మంది ఫెయిలైనవాళ్ళు పాసయ్యారు. రెండింటికి ఫిజిక్స్‌వాళ్ళూ కెమిస్ట్రీవాళ్ళూ తమ ముప్పై ఐదు తమకిమ్మని డీన్ గది ముందు నిలబడ్డారు. ఆ వరస స్టేడియాన్ని రెండు చుట్లు చుట్టింది. నాలుగింటికి డీన్ ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ అందరికీ అరవై. డ్వేన్‌కి ఆట లేదు, బెంచీయే.

శనివారం యాభై ఆరు, సున్నాతో ఓడారు. డ్వేన్ ఆడి ఉంటే యాభై ఆరు, మూడు అయ్యేదని ఊరంతా మా అల్లుణ్ణి తిట్టింది. ఆ తరవాతి శనివారం ఆఖరి ఆటా పోయింది.

ఏప్రిల్‌లో కాంట్రాక్ట్ రెన్యూ చేయడం లేదని ఉత్తరం వచ్చింది. పరీక్షల ప్రమాణాన్ని ముప్పై ఐదుకు దిగజార్చే ప్రయత్నం చేశాడట. కృష్ణమోహన్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పుస్తకాలు సర్దడానికి అట్టపెట్టెలు అడగాలని కిరాణా షాపుకి బయల్దేరాడు.

అదే వారం కోచ్‌కి కాంట్రాక్ట్ ఇంకో ఐదేళ్ళు పొడిగించారు. పదకొండుకి సున్నా తెచ్చుకున్నవాణ్ణి పాస్ చేశారు మహానుభావులు.