తొమ్మిదో అంతస్తుకి రెండు లిఫ్టులు

రియోలో ఫ్లమెంగో బీచికి ఎదురుగా ఉన్న ఆ బిల్డింగుకి లిఫ్టులు రెండు. ముందు లిఫ్టులో నిలువుటద్దం, ఇత్తడి కమ్మీ, ఎర్ర తివాచీ ఉంటాయి. అందులో మనుషులు ఎక్కుతారు. వెనక లిఫ్టులో గోనెపట్టా పరిచి ఉంటుంది. అందులో చెత్తబుట్టలు, గ్యాస్ బండలు, సముద్రంలో తడిసొచ్చిన కుక్కలు, వంటమనుషులు, రొసిల్దా ఎక్కుతారు. జాతి, రంగు, హోదా చూసి ఎవరినీ ఆపకూడదని చట్టం ప్రకారం రెండు చోట్లా పలకలు పెట్టారు. ముందు లిఫ్టు పలకని వారానికోసారి తళతళలాడేలా తుడిచే ఆవిడ మాత్రం వెనక లిఫ్టులోనే పైకి పోతుంది. ఆవిణ్ణి ఎవరూ ఆపలేదు, చట్టానికి ఏ లోటూ రాలేదు.

రొసిల్దా గోళ్లు చేసే మనిషి. వయసు ఇరవై తొమ్మిది. ప్రతి మంగళవారం నగరం ఆ చివరనున్న మదురేరా పేట నుంచి రైలెక్కి వచ్చి, ఆ బిల్డింగులో ఆడవాళ్ల గోళ్లు కత్తిరించి, అంచుల చర్మం తీసి, రంగు వేసి వెళ్తుంది. తొమ్మిదో అంతస్తు దోనా ఒర్తెన్సియా గారి పాదాలను ఆరేళ్లుగా ఒళ్లో పెట్టుకుంటోంది. దోనా అంటే అక్కడ అమ్మగారని. ఈ దోనా గారి ముత్తాతకి కాఫీ తోటలు ఉండేవట. తోటలు పోయి డెబ్బై ఏళ్లయినా ఆ బింకం మాత్రం పోలేదు. ఆవిడ గోళ్లకి ఎరుపు వేయించుకోరు, అది కొత్తగా డబ్బు చేసినవాళ్ల రంగట. వేశారో లేదో తెలియని లేత గులాబీ రెండు పూతలు వేయాలి. బిల్డింగు కమిటీకి పదకొండేళ్లుగా ఆవిడే అధ్యక్షురాలు.

ఆవిడకో సుపుత్రుడు, పేరు లియోపోల్దో. ముప్పై ఆరేళ్లవాడు, వకీలు. కోర్టులో ఎలా ఉంటాడో గానీ ఇంట్లో నోట్లో నాలుక లేదు. ఒక మంగళవారం ముందు లిఫ్టు మరమ్మతులో ఉండి, వేరే గతి లేక వెనక లిఫ్టు ఎక్కాడు. అది ఐదుకీ ఆరుకీ మధ్య నలభై నిమిషాలు ఆగిపోయింది. లోపల ఉన్నది వాడూ రొసిల్దా మాత్రమే. లిఫ్టు కదిలేసరికి ప్రేమ మొదలైంది. ఆ తర్వాత ముందు లిఫ్టు బాగుపడినా, మంగళవారాలు వాడు వెనక లిఫ్టే ఎక్కేవాడు.

"నీ కోసం వెనక లిఫ్టు ఎక్కుతున్నా, చూశావా?" అనేవాడు, ఉరికంబం ఎక్కినంత గొప్పగా.

రొసిల్దా ఎప్పుడూ ఎక్కేది అదే కాబట్టి ఆ త్యాగం ఎంతటిదో ఆమెకి అంతుపట్టలేదు. కానీ వాణ్ణి నిజంగా ప్రేమించింది. ఆమె తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ ఫోన్ చేసింది వాడొక్కడే. ఆమె నవ్వితే వాడి మొహం వెలిగిపోయేది. అందుకే రెండేళ్లు, పైన మూలన నల్లటి గుండీ లాంటిది ఒకటున్న ఆ డబ్బాలో, తొమ్మిది అంతస్తుల కాపురం చేసింది. ఆ గుండీ గాలి కోసం అనుకుంది.

"అమ్మకి తెలిస్తే గుండె ఆగిపోతుంది రొసీ," అనేవాడు వాడు.

చివరికి ఆమెకి విసుగొచ్చింది. "ఆదివారం భోజనానికి వస్తున్నా. ముందు గేటు దగ్గర నిలబడు. ముందు లిఫ్టులో తీసుకెళ్లు. నేను నీకేమవుతానో మీ అమ్మకి నీ నోటితో చెప్పు. లేదంటే మంగళవారం నుంచి నీ దారి నీది, నా దారి నాది."

వాడు ఆమె చేతులు పట్టుకుని ఒట్టు పెట్టాడు. ఆదివారం పొద్దున్నే ఫోనులో మెసేజ్ పెట్టాడు: "నీ పెట్టె కూడా తెచ్చుకో. ఎందుకైనా మంచిది."

ఆ మెసేజ్ చూసి ఆమెకి ఒళ్లు మండింది. అయినా, కొత్త పసుప్పచ్చ గౌను వేసుకుని, గోళ్ల పెట్టె పట్టుకుని మరీ వచ్చింది. ప్రేమ అంత పని చేయిస్తుంది.

ముందు లిఫ్టు అద్దంలో తనని తాను తల నుంచి కాళ్ల దాకా చూసుకుంది. బాగానే ఉన్నాననుకుంది. లియోపోల్దో అద్దం వైపు చూడలేదు, అంతస్తుల అంకెలు చూస్తూ చెమటలు కక్కుతున్నాడు.

తలుపు తీసిన దోనా గారు ముందు పెట్టెనీ, తర్వాత గౌనునీ చూశారు.

"అమ్మా, ఈమె రొసిల్దా..."

"నాకు తెలీదేంట్రా? ఆరేళ్ల నుంచి నా కాళ్లు దీని ఒళ్లోనే కదా."

"అది కాదమ్మా. ఈమే, నేనూ..."

"మేం ప్రేమించుకున్నాం దోనా గారూ," అంది రొసిల్దా. "రెండేళ్లయింది."

"రెండేళ్ల రెండు నెలలు," అన్నారు దోనా గారు. ఆవిడ గుండె ఆగలేదు సరికదా, రెప్ప కూడా పడలేదు. "వెనక లిఫ్టులో కెమెరా పెట్టించింది నేనే. వెండి చెంచాలు పోతున్నాయని పెట్టిస్తే, చెంచాలు దొరకలేదు, మీరు దొరికారు. నా ఫోనులో అంతా కనపడుతుంది."

రొసిల్దాకి లిఫ్టు మూలనున్న ఆ నల్ల గుండీ గుర్తొచ్చింది. "మరి ఒక్కసారి కూడా ఏమీ అనలేదే?"

"ఎందుకంటానమ్మా? నేనంత రాతిగుండె దాన్నా? అది వెనక లిఫ్టు. అక్కడ మీరేం చేసుకున్నా నాకేం అభ్యంతరం? ఇవాళ ముందు లిఫ్టులో ఎందుకొచ్చావు, అది చెప్పు. ఎవరైనా చూస్తే మా పరువేం గాను?" ఆవిడ గొంతు తగ్గించారు. "సర్లే, వచ్చావు కదా. వంటింట్లో నీకూ ఓ పళ్లెం పెట్టమంటాను. తిన్నాక నా గోళ్లు చూద్దువుగాని. పెట్టె తెచ్చావుగా."

రొసిల్దా వాడి వైపు చూసింది. వాడి మొహం మతాబులా వెలిగిపోతోంది.

"చూశావా రొసీ! అమ్మ ఒప్పుకుంది! అనవసరంగా భయపడ్డాం. పద, నేనూ నీతో వంటింట్లోనే తింటా!"

రెండేళ్లలో ఆమెకి అంత అవమానం ఎప్పుడూ జరగలేదు. అవమానించింది తల్లి కాదు. తల్లి తన ధర్మం తాను నిలబెట్టుకుంది.

"నేను వెళ్లిపోతున్నా లియో. ముందు లిఫ్టులో. వస్తావా?"

బటన్ నొక్కింది. వాడు వెనకే వచ్చాడు, పాపం, వచ్చాడు. తలుపులు తెరుచుకున్నాయి. లోపల పదకొండో అంతస్తు జడ్జిగారూ, ఆయన భార్యా ఉన్నారు. లియోపోల్దో అడుగు గడప దగ్గరే ఆగిపోయింది.

"నువ్వు పద," అని గుసగుసలాడాడు. "నేను వెనక లిఫ్టులో దిగి, వెనక గేటు దగ్గర కలుస్తా."

రొసిల్దా లోపలికి వెళ్లింది. తలుపులు మూసుకున్నాయి.

జడ్జిగారి భార్య ఆమె చేతిలోని పెట్టె చూసింది. "సామానుతో వచ్చేవాళ్లు వెనక లిఫ్టు కదా అమ్మాయ్?"

"అందులో లియోపోల్దో గారున్నారండీ," అంది రొసిల్దా.

అద్దంలో పసుప్పచ్చ గౌను అమ్మాయి ఏడుస్తోంది. ఏడిస్తే ఏడవనీ అనుకుని, రొసిల్దా మొహం దాచుకోలేదు.

కింద గేటు దగ్గర కాపలాదారు జెనివాల్ తన టీవీ తెర మీద నుంచి తలెత్తాడు. తెరలో వెనక లిఫ్టు కనపడుతోంది. అందులో లియోపోల్దో జుట్టు సర్దుకుంటున్నాడు.

"చినబాబు వెనక గేటుకి వస్తున్నాడు చెల్లెమ్మా. నీ కోసమే అనుకుంటా. ఏం చెప్పమంటావు?"

"ఏం చెప్పొద్దన్నా. నువ్వు ముందు గేటు తెరువు."

"పాపం, ఎంతసేపని నిలబడతాడు?"

రొసిల్దా కళ్లు తుడుచుకుని పెట్టె ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"వాళ్లమ్మ చూస్తూనే ఉంటుందిగా," అంది. "ఆకలేస్తే ఆవిడే పిలుస్తుంది."