చెంగల్రాయుడి యార్డులో ఒకే ఒక్క బ్యాటరీ

నేను ఒక బ్యాటరీని. వ్యాపారంలోకి దిగిన రోజు నా దగ్గరున్న పెట్టుబడి ఇంతే: పన్నెండు వోల్టులు, ఒక నల్ల పెట్టె, దాన్నిండా సీసం పలకలు, ఆసిడ్డు, మోసుకుపోవడానికి పైన ఒక పిడి. పుట్టింది ఫ్యాక్టరీలోనే అయినా లోకజ్ఞానం అబ్బింది మాత్రం మదనపల్లె దాటాక రోడ్డు పక్కనుండే చెంగల్రాయుడి యార్డులో. అతను పాత ట్రాక్టర్లు కొని అమ్మేవాడు. ఎప్పుడు చూసినా ఏడెనిమిది బళ్ళు వరసగా నిలబడి ఉండేవి. పనిచేసే బ్యాటరీని మాత్రం నేనొక్కణ్ణే.

మా వ్యాపారం ఎలా నడిచేదో చెబుతాను. కొనేవాడు వస్తాడు. బండి చుట్టూ తిరిగి టైరును కాలితో తంతాడు. ఆ తన్నుతో ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు కానీ, తన్నకుండా పోయిన మనిషిని చూడలేదు. తర్వాత సెల్ఫ్ కొట్టమంటాడు. అప్పటికే నేను ఆ బండిలో కూర్చుని ఉంటాను. ఇంజన్ ఎంత అరిగిపోయినదైనా సరే, విసుగు లేకుండా తిప్పి తిప్పి లేపేవాణ్ణి. అతను ఇంకో బండి కూడా చూస్తానంటే రాయుడు "ముందు టీ తాగుదాం రాన్నా" అంటూ ఎదురుగా ఉన్న కొట్టుకు తీసుకుపోయేవాడు. వాళ్ళు టీ ఊదుకుని తాగేలోపల మెకానిక్ ఖాదర్ నన్ను పీకి రెండో బండిలో పెట్టేవాడు. బేరం కుదిరాక, కొన్నవాడితో నా బదులు సగం చచ్చిన బ్యాటరీ ఏదో ఒకటి వెళ్ళేది. నేను యార్డులోనే ఉండిపోయేవాణ్ణి.

దాంతో నాకు పొగరు పట్టింది. ట్రాక్టరంటే నేనేననీ, మిగతాదంతా నన్ను మోసే ఇనుమేననీ నమ్మాను. ఖాదర్ నా నెత్తిన గ్రీజు రాస్తుంటే తలంటు పోయించుకునే పెళ్ళికొడుకులా కూర్చునేవాణ్ణి.

ఒకరోజు పొద్దున వెంగమ్మ వచ్చింది. కుడి భుజం కొంచెం వంగి ఉంది. ఎడమ భుజం మీద ఆవుల్ని కట్టే పలుపుతాడు చుట్ట. వెనకాలే ఇస్త్రీ చొక్కాలో ఆమె మరిది ఓబులేసు. ఆమెకు ఆవుల షెడ్డు ఉంది. రెండు వరసల ఆవులు, మధ్యలో నడవ. పేడ లాగడానికీ గడ్డి మోయడానికీ పెట్టుకున్న కూలీలు మానేశారు. భుజమేమో పైకి లేవడం లేదు.

"రెండావుల్ని అమ్మి వచ్చినాన్నా," అంది రాయుడితో. "ఆ దుడ్డుతో పనికొచ్చే బండి దొరికిందా, సరే. అది మొరాయించిందా, మిగిలినవాటిని కూడా సంతకు తోలాల్సిందే. నాకింకో బండి కొనే శక్తి లేదు."

"నా బండి మొరాయించడమేందక్కా!" అన్నాడు రాయుడు. నేను కూడా లోపల్లోపల అదే అనుకున్నాను.

ఓబులేసు తిన్నగా పోయి యార్డులోకెల్లా పెద్ద బండి ఎక్కి కూర్చున్నాడు. "వదినా, తీసుకుంటే ఇట్లాంటిది తీసుకోవాల. ఊర్లోకి పోతే నలుగురూ లేచి నిలబడాల."

"వాళ్ళు లేస్తే నాకేమొస్తాది? నా షెడ్డులో ఇది పట్టాల. దిగు, దిగి ఈ కొస పట్టుకో."

తాడు చివర ఒక ముడి ఉంది. అది ఆమె షెడ్డు నడవ వెడల్పు. పెద్ద బండి చక్రాలు ఆ ముడిని దాటి అంతదూరం పోయాయి.

"ఇది లోపలికి రావాలంటే ఒక వరస ఆవులు బయటికి పోవాల," అంది వెంగమ్మ.

"షెడ్డు కొంచెం పెంచుకోక్కా," అన్నాడు రాయుడు.

"రేకులు నువ్విస్తావా?"

మిగిలినవాటిలో చిన్న ట్రాక్టర్లు రెండే. రెండూ తాడు ముడికి లోపలే ఉన్నాయి. ఒకదానికి పోయిన వారమే రంగేశారు. కొత్త సీటు, అద్దంలా మెరిసే బానెట్టు. ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చెప్పే మీటరు చూస్తే బండి మొన్ననే పుట్టి నిన్న నడక నేర్చినట్టుంది. రెండోది వెలిసిపోయింది. బానెట్టుకు సొట్ట, చిరిగిన సీటు మీద యూరియా సంచి. దాన్ని చూస్తేనే నాకు చిరాకు. అలాంటిదానిలో కూర్చోవడం నా హోదాకు తక్కువని, ఖాదర్ నన్ను అటు తీసుకుపోయినప్పుడల్లా బరువు పెరిగేవాణ్ణి.

వెంగమ్మ టైరును తన్నలేదు. రెండు బళ్ళూ ఎక్కి, క్లచ్చు మీదికి కాలు అందుతుందో లేదో చూసుకుని దిగింది. "స్టార్ట్ చెయ్యన్నా" అంది.

నేను రంగు బండిలోనే ఉన్నాను. ఖాదర్ సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ మొదట ససేమిరా అంది. దాని జబ్బు నాకు తెలుసు, లోపల అంతా అరిగి వదులైపోయింది. పళ్ళు బిగించి తిప్పాను, ఇంకా తిప్పాను. చివరికి నల్లగా పొగ కక్కి లేచింది. ఓబులేసు చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు నాకేనని మురిసిపోయాను.

"ఇప్పుడు దాన్ని చెయ్," అంది వెంగమ్మ, సొట్ట బండిని చూపిస్తూ.

"దానికేముందిలే అక్కా. పద, ముందు టీ తాగుదాం."

"ఆ కొట్టుకు పాలు పోసేది నేనే. ఆ టీలో పాలెన్ని, నీళ్ళెన్ని అనేది నాకు తెలీదా? మీరు తాగి రాండి. నేనీడే కూర్చుంటా." ఓబులేసు మాత్రం వెళ్ళాడు. ఆమె సరిగ్గా రెండు బళ్ళ మధ్యా పాత టైరు మీద కూర్చుంది. ఖాదర్ స్పానరు చేత్తో పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక దాన్నే తుడుస్తూ నిలబడ్డాడు.

కాసేపయ్యాక ఆమె అంది: "ఒక పని చెయ్యన్నా. రెండూ ఒకేసారి స్టార్ట్ చెయ్. పక్కపక్కన వింటే తెలుస్తాది. ఎక్కువ గోల చేసేదయితే నా ఆవులు బెదిరి పాలియ్యవు."

ఖాదర్ రాయుడి వైపు చూశాడు. రాయుడు ఆకాశం వైపు చూశాడు. అక్కడ మబ్బు కూడా లేదు.

"దాని బ్యాటరీ చార్జింగుకు పోయిందక్కా," అన్నాడు రాయుడు.

"ఆ పక్క బండిది?"

"అదీ పోయింది."

"అన్నీ కట్టకట్టుకుని పోయినాయా, పెళ్ళికి పోయినట్టు?" ఆమె లేచి చీర కొంగు నడుముకు దోపింది. "సరే, తోద్దాం. మా ఊరి పాల వ్యాను రోజూ మేం తోస్తేనే కదిలేది. ఓబులేసూ, గ్లాసు ఆడ పెట్టి రా!"

యార్డు గేటు నుంచి రోడ్డు దాకా వాలు ఉంది. సొట్ట బండిని అక్కడికి చేర్చి ఖాదర్‌ను ఎక్కించారు. నాకు నవ్వొచ్చింది. నేను లేకుండానే? ఆ ముసలిదా? ఓబులేసు చేతులు పెట్టి తోశాడు, వెంగమ్మ మంచి భుజం ఆనించి తోసింది. బండి కదిలింది. ఖాదర్ గేరు వేసి క్లచ్చు వదిలాడు. ఒక కుదుపు, ఒక దగ్గు. అంతే, ఇంజన్ అందుకుంది. వాలు సగం కూడా దిగలేదు. డీజిల్ ఇంజన్ లోపల గట్టిగా ఉంటే, గాలిని బిగించి నొక్కి ఆ వేడితోనే బతుకుతుందట. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు.

"ఇప్పుడు ఆ బ్యాటరీ పీకి, రంగు బండిని తోయండి," అంది ఆమె.

పీకారు, నేలమీద పెట్టారు, తోశారు. రంగు బండి ఎంతో దర్జాగా వాలు దిగింది. ఖాదర్ క్లచ్చు వదిలిన ప్రతిసారీ గుడగుడమని మూలిగి ఊరుకుంది. అట్లాగే పోయి రోడ్డుకు అడ్డంగా నిలబడింది. బస్సొకటి బ్రేకు వేసి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "రాయుడన్నా, బండి అమ్మినావా, పారేసినావా?" అని అరిచాడు.

వెంగమ్మ నవ్వలేదు. నుదుటి చెమట తుడుచుకుంటూ రంగు బండి వైపే చూస్తూ ఉండిపోయింది. "దీన్నే కొనుక్కుని పోయింటే!" అంది మెల్లగా. ఆ మాటతో నా పన్నెండు వోల్టులూ దిగిపోయాయి. నేను ఎంత బాగా పనిచేస్తే ఆమె ఆవులు సంతకు అంత దగ్గరయ్యేవి.

బేరం సొట్ట బండికి కుదిరింది. చివర్లో ఆమె నన్ను చూపించి, "ఇది కూడా ఇయ్యి," అంది.

రాయుడి మొహం పాలిపోయింది. "కావాలంటే ధర తగ్గిస్తానక్కా, దాన్నొదిలెయ్."

"సరే, ధర తగ్గించు. అది కూడా పెట్టు. లేకుంటే ఆ బస్సు డ్రైవర్ని పిలుస్తా, ఊరూరికీ చెప్తాడు."

అలా నేను జీవితంలో మొదటిసారి, ఏ బండిలో ఉన్నానో ఆ బండితోనే గేటు దాటాను. వెనక యార్డులో ఏడు బళ్ళు మాట పడిపోయినట్టు నిలబడి ఉన్నాయి.

షెడ్డులో నాకు పని పెద్దగా లేదు. సెల్ఫ్ ఇలా కొడితే అలా లేచేది. నేను బలం చూపించేలోపే అయిపోయేది, కొంచెం అవమానంగా ఉండేది. కొన్నేళ్ళకు నా పలకలు అరిగాయి. ఒక చలికాలం పొద్దున నాలోంచి "టక్" అన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. వెంగమ్మ తిట్టలేదు. బండిని షెడ్డు ముందున్న వాలు మీదికి చేర్చి వదిలింది. అది లేచి పనికి పోయింది. వాలు ఉండగా కొత్త బ్యాటరీ ఎందుకనుకుంది. పాతదానికి షాపువాడు చెప్పిన ధర విని, "అంతేనా? దీనికి అంతకంటే మంచి పని నా దగ్గరే ఉంది," అని నన్ను వెనక్కి తెచ్చింది. ఆసిడ్డు పారబోసి, మూత బిగించి, నా పిడికి ఆ ముడి ఉన్న పలుపుతాడు కట్టింది.

ఇక లెక్క తేల్చుకుంటాను. రాయుడి దగ్గర నేను లేపిన బళ్ళు చాలా ఉన్నాయి. వాటిలో ఇప్పుడు నడుస్తున్నవెన్ని అని మాత్రం అడక్కండి. అది నష్టం కింద రాసుకోండి. ఇక్కడ, అమ్మిన రెండావుల చోట్లలో మళ్ళీ రెండు పడ్డలు నిలబడి నెమరు వేస్తున్నాయి. అందులో నా చెయ్యి ఏమీ లేదు కాబట్టి లాభం అనుకోవచ్చు. నా ఉద్యోగం బండి ముందు చక్రం కింద. దాని హ్యాండ్ బ్రేకు నిలవదు, నేను అడ్డం ఉంటేనే అది రాత్రంతా వాలు మీద ఆగుతుంది. పొద్దున్నే వెంగమ్మ సీటెక్కి, కాలితో బ్రేకు తొక్కిపట్టి, మంచి చేత్తో తాడు లాగుతుంది. నేను పక్కకు జరుగుతాను. బండి దొర్లుతుంది, దగ్గుతుంది, లేస్తుంది.

ఒకప్పుడు నన్ను పెడితేనే బళ్ళు లేచేవి. ఇప్పుడు నన్ను తీస్తే లేస్తుంది.